పట్టుచీర అంచున సీపీయూ గీత

తన కంప్యూటర్‌కు ఇప్పుడు ఒళ్ళు ఎంత వేడిగా ఉందో చెప్పలేని వ్యాపారికి మీ ఇంటి పెళ్లిచీర ఆర్డరు ఇవ్వకండి!

ఈ మాట కొందరికి కోపం తెప్పిస్తుందని తెలుసు. తెప్పించనివ్వండి. హిందూపురం బజారులో పట్టుచీరల అంగడి పెట్టుకుని, అందులోనే తల నెరిపించుకున్నవాణ్ణి. ఏది లాభమో ఏది నష్టమో తూచి చూడకుండా నోరు తెరిచే అలవాటు నాకు లేదు. తూచే చెబుతున్నాను: ఈ కాలం మనిషికి దక్కిన వరాల్లో డెస్క్‌టాప్ విడ్జెట్‌ను మించింది ఇంకొకటి లేదు.

విడ్జెట్ అంటే ఏమిటని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారా? ఉంటే వాళ్ళ మీద జాలితో చెబుతున్నాను. కంప్యూటర్ తెర మీద ఓ మూలన పెట్టుకునే చిన్న మీటర్లు అవి. ఒకదానిలో ముల్లు తిరుగుతుంది, ఒకదానిలో గీత పాకుతుంది, ఒకటి రంగులు మారుస్తుంది. కంప్యూటర్ మెదడును సీపీయూ అంటారు కదా, అది ఎంత కష్టపడుతోందో ఒక మీటరు చెబుతుంది. దాని జ్ఞాపకం ఎంత నిండిందో ఇంకొకటి. వేడి ఎంత, బ్యాటరీ ఎంత, నెట్ ఎంత జోరుగా వస్తోంది, అన్నిటికీ తలా ఒకటి!

పైగా వాటిని మన ఇష్టం వచ్చినట్టు దిద్దుకోవచ్చు. పెద్దవి చేయవచ్చు, చిన్నవి చేయవచ్చు. కింద ఉన్నది కనబడేలా గాజులాగా చేయవచ్చు. మనం ఏ పని చేస్తున్నా అన్నిటికీ పైన అవే కనబడేలా పెట్టుకోవచ్చు. ఇంట్లో ఏ మనిషినైనా ఇలా దిద్దుకోగలమా? చెప్పండి!

నా ల్యాప్‌టాప్‌లో మొదటి మీటరు పెట్టినవాడు పెనుకొండ బస్టాండు పక్కన కంప్యూటర్లు బాగుచేసే ప్రేమ్ కుమార్. నిజానికి నేను అతని దగ్గరికి పోయింది ల్యాప్‌టాప్ నెమ్మదిగా నడుస్తోందని. "ఎందుకు నెమ్మదిగా ఉండాదో తెలుస్తాది అన్నా" అని సీపీయూ మీటరు ఒకటి పెట్టాడు. రుచి మరిగాను. తక్కినవన్నీ నేనే వెతికి పెట్టుకున్నాను. ఇప్పుడు ల్యాప్‌టాప్ మునుపటికన్నా నెమ్మదిగా నడుస్తోంది. కానీ ఎంత నెమ్మదో నాకు కచ్చితంగా తెలుసు! తెలియక నష్టపోవడం కన్నా తెలిసి నష్టపోవడం మేలు కాదా?

"ఆ మీటర్లే సగం మింగతాండాయి అన్నా" అన్నాడు ప్రేమ్ కుమార్, మళ్ళీ కనబడినప్పుడు.

మింగవా మరి? పొలానికి కాపలా ఉన్నవాడు అన్నం తినడా?

ఒక వ్యాపారికి వీటి విలువ ఏమిటో ఇంకో ఉదాహరణ చెబుతాను. నా తెర మీద నల్లమాడ వాతావరణం చూపే విడ్జెట్ ఒకటుంది. హిందూపురంలో అంగడి పెట్టుకున్నవాడికి నల్లమాడ వానతో పనేమిటని నవ్వకండి. నల్లమాడలో వాన పడితే అక్కడ శనక్కాయ పండుతుంది. శనక్కాయ పండితే పెళ్లిళ్ళు కుదురుతాయి. పెళ్లిళ్ళు కుదిరితే పట్టు కదులుతుంది. మబ్బును చూసి చీరల లెక్క కట్టడం అంటే ఇదీ!

ఒకరోజు అలాగే చూస్తున్నాను. నల్లమాడలో మాడ్చే ఎండ. ఆ ఎండను చూసి దిగులుపడుతుండగా ఇక్కడ, నా అంగడి ముందు, కుండపోతగా వాన కురిసింది. బయట తగిలించిన చీరలన్నీ నానిపోయాయి. లోపలి నుంచి నా భార్య అమృత పరుగెత్తుకొచ్చి, తడిసిన చీరలు చంకన పెట్టుకుని నా ముందు నిలబడింది.

"ఏమండీ, ఇంత వాన మీకు కనపడ్లేదా?"

"విడ్జెట్‌లో ఎండ ఉండాదే!" అన్నాను.

ఇందులో విడ్జెట్ తప్పేముంది? నేను దాన్ని నల్లమాడ సంగతి అడిగాను, అది నల్లమాడ సంగతి చెప్పింది. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పే మనిషిని ఒక్కణ్ణి మీరు చూపించండి, ఈ వ్యాసం ఇక్కడే ఆపేస్తాను.

అమృత మాటే వచ్చింది కాబట్టి ఇంకొకటి. పోయిన నెలలో ఆమెకు తలనొప్పి వచ్చిందట. పొద్దున చెప్పిందట, మధ్యాహ్నం చెప్పిందట, సాయంత్రం మాట్లాడటం మానేసిందట. అదే ల్యాప్‌టాప్‌కు తల వేడెక్కితే? ఒక్క మాట అనదు, అలగదు. మూలన ఎర్రగా మెరుస్తుంది. వెంటనే లేచి కింద అట్ట పెడతాను, ఫ్యాను తిప్పుతాను, తెర తుడుస్తాను. మెరవడం చేతకాని మనిషి నా మీద నేరం మోపితే నేనేం చేసేది?

ఇక అంగడికి వచ్చేవాళ్ళ ముఖాలు. వెనకటికి చీర పరిచి కొనేవాళ్ళ ముఖం చూసేవాణ్ణి. అది ఎంత నష్టపు పని! చీర నచ్చినామె మూతి ముడుస్తుంది, బేరానికి. నచ్చనామె నవ్వుతుంది, మొహమాటానికి. ముఖాన్ని నమ్ముకుని వ్యాపారం చేసినవాడు బాగుపడింది ఎక్కడ? మీటరు అలా కాదు. దానికి బేరం లేదు, మొహమాటం లేదు. అందుకే నేను ముఖాలు చూడటం మానేసి మీటర్లు చూస్తున్నాను. మునుపటికన్నా చాలా ప్రశాంతంగా ఉంది. అంగడి కూడా మునుపటికన్నా ఖాళీగా ఉందని అమృత అంటుంది. ప్రశాంతత అంటే అదే కదా!

ఇంత చెప్పినా కొందరు అరుణ చీర సంగతి ఎత్తుతారు. వాళ్ళు ఎత్తి తప్పుగా చెప్పడం కన్నా నేనే ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.

అరుణ పెనుకొండ అమ్మాయి. హిందూపురంలో ఒక ఆసుపత్రిలో నర్సు, గుండెజబ్బుల వార్డులో. వాళ్ళ నాయన సాల్మన్ సార్ లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. పెళ్లి పెనుకొండ చర్చిలో. మీగడరంగు పట్టు, వెండి జరీ అంచు, అంచు పొడవునా ద్రాక్షతీగ, ఇదీ ఆ పిల్ల కోరిక. ల్యాప్‌టాప్‌లో డిజైన్ చూపించాను. అంచు ఒక పక్క, కొంగు ఒక పక్క, పొందికగా కుదిరింది. "ఇదే అన్నా, ఇంగేమీ మార్చొద్దు" అంది.

వాళ్ళు వెళ్ళగానే ఆ డిజైన్‌ను ధర్మవరంలో ఉన్న ధనుంజయకు పంపాను. చాలాకాలంగా నాకు చీరలు నేసి ఇచ్చే మనిషి అతను. ఫైలు పంపడం తెలియక కాదు గాని, ఫోన్‌తో తెరకు ఫోటో తీసి పంపితే ఒక్క నిమిషంలో పోతుంది. వ్యాపారికి కాలమే కదా పెట్టుబడి! ఫోటో కదలకుండా రావాలని ల్యాప్‌టాప్ మీది నుంచి చేతులు తీసేసి, ఊపిరి బిగబట్టి, తీశాను.

నా మీటర్లు అన్నిటికీ పైన ఉంటాయని, గాజులాగా కింద ఉన్నది కనబడనిస్తాయని చెప్పాను కదా. సీపీయూ గీత ద్రాక్షతీగ మీదుగా సాగింది. జ్ఞాపకం చూపే గుండ్రటి మీటరు కొంగు మీద కూర్చుంది. ఫోటోలో అన్నీ కలిసి చక్కగా పడ్డాయి.

ధర్మవరంలో ఒక కట్టుబాటు ఉంది. పార్టీ పంపిన చిత్రంలో నేతగాడు ఒక్క పోగు కూడా మార్చడు. ఎంత వింతగా ఉన్నా సరే! ఏనుగుకు రెక్కలుంటే రెక్కలు నేస్తాడు. నెమలికి కొమ్ములుంటే కొమ్ములు నేస్తాడు. ఏ ఊళ్ళో ఏ ఫ్యాషనో, మనకెందుకు అనుకుంటాడు. అయినా ధనుంజయ మంచివాడు కాబట్టి ఫోన్ చేశాడు.

"అన్నా, తీగ మీద ఏందో కొండలు ఎక్కతాండాయి, దిగతాండాయి. అదీ నెయ్యల్లనా?"

ఆ సమయానికి నా కళ్ళు నెట్ వేగం చూపే ముల్లు మీద ఉన్నాయి. ఎన్నడూ లేనంత పైకి పోతోంది. ఆనందం పట్టలేక ఉన్నాను. "ఊఁ" అన్నాను.

"కొంగు కాడికి వచ్చేసరికి ఆ గీత సాపుగా అయిపోయుండాది. అట్లే యిడిసేదా?"

"ఊఁ."

"మళ్ళా నన్నేమీ అనగాకు అన్నా."

"ఊఁ."

అడిగినవాటన్నిటికీ జవాబు ఇచ్చాను, ఒక్క మాట వృథా కాలేదు. ఇంత పొదుపుగా మాట్లాడే వ్యాపారిని జిల్లాలో ఎక్కడైనా చూశారా?

చీర తయారై వచ్చింది. మడత విప్పకుండానే కబురు పెట్టాను. సాల్మన్ సార్, ఆయన భార్య నిర్మలమ్మ, అరుణ ముగ్గురూ కారులో వచ్చారు. ఎల్లుండి పెళ్లి. అమృత చాప మీద చీర పరిచింది.

ద్రాక్షతీగ ఉంది. దాని మీదుగా వెండి జరీతో గీత ఒకటి పైకి లేస్తూ కిందికి దూకుతూ చీర పొడవునా పోతోంది. అది నా ల్యాప్‌టాప్ పడిన కష్టం అని చూడగానే గుర్తుపట్టాను. సొంత బిడ్డను గుర్తుపట్టనా? నోరు మాత్రం విప్పలేదు.

"పెనుకొండ కొండ మాదిరే నేసినారు!" అంది నిర్మలమ్మ, బుగ్గన చెయ్యి పెట్టుకుని. "సూడు, కోట గోడ గూడా ఉండాది."

"కొండ కాదే, గ్రాఫు" అన్నారు సాల్మన్ సార్ కళ్ళద్దాలు సర్దుకుని నా వైపు తిరుగుతూ. "ఏమప్పా తిమ్మరాజూ, అడ్డగీత యాడ? నిలువుగీత యాడ? అవి లేకుండా గ్రాఫు గీస్తే నేను మార్కులెయ్యను."

అరుణ చాప పక్కన కూర్చుంది. వంగి ఆ గీత మీద వేలు పెట్టి నడిపించింది. నడిపించేకొద్దీ ముఖం విప్పారింది.

"నాయనా, ఇది గుండె గీత! మా వార్డులో మానిటర్ మీద పోతాది సూడు, అచ్చం అదే. నేను నర్సునని తిమ్మరాజన్న ఇట్ల నేయించినాడు. ఇట్లాంటి చీర ఇంగెవురికీ ఉండదు!"

అంతటితో ఆగి ఉంటే నా కీర్తి ధర్మవరం దాటి బెంగళూరు పోయి ఉండేది. అరుణ వేలు ఆగలేదు. అంచు దాటి కొంగులోకి వచ్చింది. అక్కడ ఆగింది.

"ఈడ ఏమైంది?"

"ఏమైందమ్మా?" అన్నాను.

"లైను పడుకోనుండాది."

నిజమే. కొంగు ఈ కొస నుంచి ఆ కొస దాకా గీత ఒళ్ళు చాచుకుని పడుకుంది. ఎందుకు పడుకోదు? ఫోటో తీయడానికి నేను చేతులు తీసేశాను. పని లేక ల్యాప్‌టాప్ కాసేపు విశ్రాంతి తీసుకుంది. ఆ విశ్రాంతిని ధనుంజయ పోగు మార్చకుండా నేశాడు.

"మా వార్డులో లైను ఇట్ల పడుకుంటే డాక్టరును పిలుస్తాం" అంది అరుణ, చిన్న గొంతుతో. "ఆయన తల అడ్డంగా ఊపితే బయట కూర్చున్నోళ్ళను పిలుస్తాం. ఇది భుజాన ఏసుకోని నేను పెండ్లికి పోవల్లనా అన్నా?"

అది భుజాన కూడా కాదు. కొంగు సరిగ్గా గుండె మీదికి వస్తుంది.

నేను తొణకలేదు. శాస్త్రప్రకారం నచ్చజెప్పాను. "అమ్మా, అది గుండె కాదు, సీపీయూ. దాని గీత పడుకుందంటే యంత్రం హాయిగా ఉందని అర్థం!"

"పెండ్లిరోజు పెండ్లికూతురు హాయిగా ఎట్లుంటాదండీ?" అంది అమృత.

"పోనీలే, ఈడనే వేరే చీర తీసుకుందాం" అన్నారు సాల్మన్ సార్. నా అలమారల వైపు చెయ్యి చూపించారు. అరుణ అటు చూడలేదు. అంచు మీద ఎగిరి దూకుతున్న గీతనే చూస్తోంది, ఒళ్ళో పెట్టుకున్న పిల్లను చూసినట్టు.

"నాకు ఈ చీరే కావల్ల నాయనా. ఇంగొకటి కట్టుకోను. ఇది బతికితే కట్టుకుంటా."

ఇంకో చీర నేయడానికి వ్యవధి లేదు. బతికించాలి. లేకపోతే ఆ పిల్ల పెళ్లిచీర చెడగొట్టినవాడిగా హిందూపురం నుంచి ధర్మవరం దాకా నా పేరు మోగుతుంది. ఈ వ్యాపారంలో చీర వెనక్కి వస్తే మళ్ళీ అమ్ముకోవచ్చు. పేరు వెనక్కి వస్తే ఎవరికి అమ్ముతాం?

సాల్మన్ సార్ కారులోనే అందరం బయలుదేరాం. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాను. దాని గీతకు వచ్చిన కష్టాన్ని అదే తీర్చాలి కదా! పెళ్లింట్లో చుట్టాలు దిగుతున్నారని నిర్మలమ్మ పెనుకొండలో దిగిపోయింది. దారి పొడవునా అందరూ టైము చాలదని వాపోయారు. బ్యాటరీ మాత్రం పుష్కలంగా ఉంది.

ధనుంజయ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. నన్ను చూసి, పోగును దగ్గరికి కొట్టే పలక ఆపాడు.

"నేను ఫోన్లో అడిగితి కదన్నా?"

"అడిగితివి. నేను జవాబు చెప్పలేదా?"

"ఊఁ అంటివి."

"అది జవాబు కాదా?"

ధనుంజయ సాల్మన్ సార్ వైపు చూశాడు. సార్ గోడ వైపు చూశారు. లెక్కల సార్లు కూడా తీర్పు చెప్పలేని తగవులు కొన్ని ఉంటాయి.

"మరి ఈ చక్రం ఏంది ధనుంజయా?" అంది అమృత, కొంగు మధ్యన ఉన్న గుండ్రటి మీటరు చూపించి.

"యామో అక్కా, కొత్త రకం బుటా పువ్వు అనుకున్నా. దాని నడుమ అంకెలుండె. యాడిదో వేరే అంగడి ఫోను నంబరై ఉంటాదని అవి మాత్రం తీసేసినా."

అది కూడా ధర్మవరం కట్టుబాటే. ఒక అంగడివాడు ఇంకో అంగడి చీర ఫోటో పంపితే దాని మీద ఆ అంగడి నంబరు ఉంటుంది. పరువుగలవాడు దాన్ని తీసేసి నేస్తాడు. ఈ కట్టుబాటే లేకపోతే అరుణ ఎనభై మూడు శాతం నిండిన జ్ఞాపకంతో చర్చి మెట్లు ఎక్కేది!

ధనుంజయ భార్య చౌడేశ్వరి చీరలకు కుచ్చులు కడుతుంది, సూదితో జరీ పని చేస్తుంది. చీర తీసుకుని వెలుతురున్న గడపలో కూర్చుంది. కొంగు మీద పడుకున్న గీతను బొటనవేలితో తడిమింది.

"సాపుగా ఉండే తావున సూదితో జరీ ఎక్కించి లేపుతా. నేసిందేదో కుట్టిందేదో ఎవురికీ తెలీదు. గీత ఎట్ల పోవల్లో మటుకు సూపియ్యండి."

ఇక్కడ, పాఠకులారా, విడ్జెట్‌కు దాని ఘనత చాటుకునే వేళ వచ్చింది! ల్యాప్‌టాప్ తెరిచాను. సీపీయూ మీటరును తెరంత పెద్దది చేశాను. గీత కావాలంటే యంత్రం కష్టపడాలి. పాటలు పెట్టాను. సినిమా పెట్టాను. బిల్లుల ప్రోగ్రాం తెరిచాను, వైరస్‌ను వెతికే ప్రోగ్రాం తెరిచాను, ఇంటర్నెట్‌లో దొరికిన పేజీలన్నీ తెరిచాను. గీత లేచింది! ఎక్కింది! కదిరి తేరు రోజున బస్సు ఎక్కే జనంలా తోసుకుంటూ ఎక్కింది!

ఎక్కి, నూటికి చేరి, అక్కడ పైన మళ్ళీ పడుకుంది.

"పైన పడుకున్నా పడుకున్నట్లే కదన్నా" అంది అరుణ.

కొన్ని మూసేద్దామని చూశాను. మౌస్ కదలలేదు. ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. పాట ఒక్క అక్షరం దగ్గర ఆగి మూలుగుతోంది. చేత్తో తడితే అడుగు పెనంలా కాలుతోంది. కానీ నేను భయపడలేదు. ఎందుకంటే వేడి చూపే మీటరు ఆకుపచ్చగా ఉంది! అంతా క్షేమం అని చూపిస్తోంది. నెట్ బాగుంది, బ్యాటరీ బాగుంది. యంత్రం ఊపిరి ఆగిన తర్వాత కూడా అందరూ బాగున్నారని చెప్పే మర్యాద ఎవరికుంటుంది?

"అది సచ్చిపోయినట్లుండాదప్పా తిమ్మరాజూ" అన్నారు సాల్మన్ సార్.

"లేదు సార్, మీటరు ఆకుపచ్చగా ఉండాది" అన్నాను.

నేను మీటరును కాపలా కాస్తుండగా గడప దగ్గర మాటలు వినిపించాయి.

"అమ్మీ, ఆయప్పది అట్లుండనీ. నువ్వు నర్సువంట కదా. గుండె ఎట్ల కొట్టుకుంటాదో నువ్వే సెప్పు" అంటోంది చౌడేశ్వరి.

అరుణ ఆమె పక్కన కూర్చుంది. తన ఎడమ మణికట్టు మీద వేళ్ళు పెట్టుకుంది. ఆ చేతి గోరుతోనే గడప కొయ్య మీద కొట్టడం మొదలుపెట్టింది. టక్. టక్. టక్. ఆ దెబ్బకు తగినట్టు చౌడేశ్వరి సూది పైకి పోయింది, కిందికి వచ్చింది. పడుకున్న గీత ఒక చోట మెల్లగా తల ఎత్తింది. పక్కన ఇంకో చోట. అలా కొంగంతా.

మధ్యలో ఒకటి తక్కినవాటికన్నా బాగా పొడుగ్గా లేచింది.

"ఇదేందక్కా, ఇంతెత్తు పోయింది? నేను అట్ల కొట్టలేదే" అంది అరుణ.

"ఇది పెండ్లికొడుకు లోపలికొస్తాంటే."

అరుణ సిగ్గుపడి మణికట్టు మీది చెయ్యి తీసేసింది. "తియ్యాకమ్మీ, లెక్క తప్పిపోతాది!" అని చౌడేశ్వరి కేకలేసింది. అమృత నవ్వు ఆపుకోలేక స్తంభానికి ఆనుకుంది. సాల్మన్ సార్ గోడ వైపే చూస్తున్నారు, కానీ ఈసారి భుజాలు ఊగుతున్నాయి. గుండ్రటి మీటరు చుట్టూ కూడా చౌడేశ్వరి నాలుగు ద్రాక్షగుత్తులు కుట్టేసరికి అది బుటాగానే చెలామణి అయింది.

పెళ్లి జరిగింది. చర్చిలో అరుణ నడిచి వస్తుంటే కొంగు మీద వెండిగీత కిటికీ వెలుతురుకు నిజంగానే కొట్టుకుంటున్నట్టు కనబడింది. నర్సులంతా గుంపుగా లేచి చూశారు. ఒకామె దాని నాడి వేగం ఎంతో కూడా పక్కవాళ్ళకు చెప్పిందట.

ఇక అప్పటి నుంచి నాకు జరుగుతున్న అన్యాయం వినండి!

ఆ చీర కావాలని అంగడికి జనం వస్తున్నారు. రానీ, సంతోషం. కానీ అంచు మీద చీర పొడవునా నా ల్యాప్‌టాప్ గీసిన గీత ఉంది కదా, దాన్ని అడిగేవాళ్ళు ఒక్కరూ లేరు! మొన్న మడకశిర నుంచి ఒకామె వచ్చింది. అంచు డిజైన్ చూపించబోతే చేత్తో తోసేసింది.

"దుడ్లు ఎంతైనా కానీ, ఆ కొంగు మింద కుట్టినారంట చూడండి, అది కావల్ల. ఈ గీత ఎవురిది?"

ఎవరిదని అడుగుతోంది! యంత్రం చెమటోడ్చి గీసిన గీతకు ఇదా బహుమానం? చౌడేశ్వరి ఇంటి ముందు ఇప్పుడు పెళ్లికూతుళ్ళు మణికట్టు పట్టుకుని వరుసగా కూర్చుంటున్నారట. ఒక్కో చీరకు ఒక్కో గుండె. అచ్చు పోసి వందల్లో నేయించుదామంటే కుదరదంటోంది. వ్యాపారిగా నేను దీన్ని ఖండిస్తున్నాను.

ధనుంజయ కూడా మారిపోయాడు. ఇప్పుడు ఏ డిజైన్ పంపినా ఫోన్ చేయడం లేదు. రైలెక్కి ధర్మవరం నుంచి హిందూపురం వచ్చేస్తున్నాడు. నిన్న కూడా వచ్చాడు. నా ఎదుట కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగాడు. తర్వాత, నన్ను అడగనైనా అడగకుండా, చెయ్యి చాచి నా ల్యాప్‌టాప్ మూత మూసేశాడు!

"ఇప్పుడు సెప్పన్నా. ఈ అంచు నెయ్యల్లనా, వద్దా?"

మీటర్లన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. చూడటానికి ఇంకేమీ లేక అతని ముఖం చూశాను. ధనుంజయ గడ్డం బాగా నెరిసిపోయింది. ఎప్పుడు నెరిసిందో నాకు ఎవరూ చెప్పలేదు. కళ్ళ కింద నలుపు కూడా ఉంది. ఆ అంచు నేయడం అతనికి ఇష్టం లేదని అక్కడ రాసిపెట్టినట్టు ఉంది.

"వద్దులే" అన్నాను.

"హమ్మయ్య" అన్నాడు. ఇద్దరం టీ తాగాం.

ఇప్పుడు చెప్పండి, ఇదంతా ఎవరి పుణ్యం? నా తెర మీద విడ్జెట్లు లేకపోతే ధనుంజయకు మూత మూయాల్సిన అవసరం వచ్చేదా? అతను మూయకపోతే నేను తల ఎత్తేవాణ్ణా? అందుకే మళ్ళీ చెబుతున్నాను, మీరూ పెట్టుకోండి. ఎన్ని ఎక్కువ పెట్టుకుంటే అంత మంచిది. ఏదో ఒకరోజు ఎవరో ఒకరు విసుగుపుట్టి మూత వేస్తారు!